టాయ్ హాలర్ గ్యారేజీలో మడత సోఫాలు: బండి దింపాక పడక వేయడం ఎలా

పగలు బండి నిలబెట్టిన చోటే రాత్రి పడక వేసుకోవచ్చు. అమెరికాలో టాయ్ హాలర్ (బండినీ మనుషుల్నీ ఇమిడ్చుకునే ట్రైలర్) కొనేవాళ్ళలో చాలామంది కొనేది ఇందుకే. ట్రైలర్ వెనక భాగం గ్యారేజీ, వెనక గోడే కిందికి వాలి ర్యాంప్ అవుతుంది, మట్టి దారుల్లో నడిపే నాలుగు చక్రాల ఏటీవీనో, ఇద్దరు పక్కపక్కన కూర్చునే సైడ్-బై-సైడ్‌నో దాని మీదుగా లోపలికి ఎక్కిస్తారు. దిగే చోటికి చేరాక బండి బయటికి, రెండు పక్కగోడలకు మడిచి ఉన్న సోఫాలు కిందికి. సోఫా వాల్చడం రెండు నిమిషాల పని. చిక్కంతా దానికి ముందూ వెనకా చేసే పనుల వరసలో ఉంది. ఆ వరస తప్పితే పెట్రోలు వాసన పట్టిన పరుపు, వంగిన పిన్ను, దారిలో బండి మీద పడిన సోఫా మిగులుతాయి.

ఒక మాట ముందే. అక్కడ పెట్రోలును అందరూ గ్యాస్ అనే అంటారు. వంటకు వాడే ప్రొపేన్‌తో తికమక రాకుండా ఇక్కడ పెట్రోలు అనే రాస్తున్నాం.

మీ ట్రైలర్‌లో ఉన్నది ఏ రకం

మొదటి రకం గోడకు బిగించిన మడత సోఫా. ఇనప ఫ్రేము, గోడవైపు బందులు, ముందువైపు మడిచే కాళ్ళు. సీటు పైకెత్తితే గోడకు ఆనుకుంటుంది, ఒక పిన్నో గొళ్ళెమో దాన్ని అక్కడ పట్టి ఉంచుతుంది. కిందికి దించి వీపుభాగం వాల్చితే ఒక్కరు పడుకునే పడక. ఎదురెదురు రెండు సోఫాల మధ్య బల్ల పలక దించితే ఇద్దరికి సరిపోయే పడక.

రెండోది కరెంటు లిఫ్టు మీద నడిచేది. పైకప్పుకు అంటుకుని ఒక మంచం, దాని కింద అదే పట్టాల మీద సోఫాలు, స్విచ్ నొక్కితే అన్నీ కలిసి దిగుతాయి. లిప్పర్ట్ కంపెనీ హ్యాపీజాక్ పేరుతో అమ్మేది ఈ రకమే.

మూడోది జాక్‌నైఫ్ సోఫా. సీటు ముందుకు లాగితే వీపు వెనక్కి పడి చదునవుతుంది. గోడకు మడవదు కాబట్టి బండి ఎక్కించాలంటే నేల నుంచి విప్పి బయట పెట్టాలి, లేదా ఒక పక్కనే ఉంచుకోవాలి. గ్యారేజీని ఎక్కువగా గదిలా వాడుతూ ఎప్పుడో ఒకసారి మోటార్ సైకిల్ మాత్రం ఎక్కించేవాళ్ళకు ఇది చాలు. ప్రతి వారం సైడ్-బై-సైడ్ ఎక్కించేవాళ్ళు దీని జోలికి పోకపోవడమే మంచిది.

బండి కొనకముందే టేపు తీయండి

ట్రైలర్ బయటి వెడల్పు సాధారణంగా 102 అంగుళాలు. లోపల గోడ నుంచి గోడకు సుమారు 96 వస్తుంది. మడిచిన సోఫా ఒక్కోటి గోడ నుంచి 10 అంగుళాలు ముందుకు వస్తుందనుకుంటే రెండు పక్కలా పోయేది 20, మిగిలేది 76. పోలారిస్ ఆర్‌జెడ్‌ఆర్ ఎక్స్‌పీ 1000 అనే సైడ్-బై-సైడ్ వెడల్పు 64 అంగుళాలు. అంటే ఒక్కో పక్కన మిగిలేది 6 అంగుళాలే. కాగితం మీద బండి పట్టింది, సరే. లోపలికి నడిపిన మనిషి దిగేదెలా? తలుపు తెరుచుకోదు. బండి ముందుభాగం మీదుగానో వెనకనుంచో పాకుతూ రావాలి. అందుకే వెడల్పు బండ్లను చాలామంది నడపకుండా తాడు చుట్టి లాగే వించ్‌తో లోపలికి లాగుతారు. 72 అంగుళాల బండి అయితే పక్కకు 2 అంగుళాలే మిగులుతాయి. ఆ గ్యారేజీలో మడత సోఫాలు ఉండకూడదని అర్థం.

కొలిచేటప్పుడు నేల దగ్గర ఒకసారి, సోఫా ఎత్తులో ఒకసారి, అద్దాల ఎత్తులో ఒకసారి, మొత్తం మూడుచోట్ల కొలవాలి. చక్రాల మీది గూడు కొన్ని ట్రైలర్లలో లోపలికి పొడుచుకుని ఉంటుంది. లిఫ్టు మంచం ఉంటే పూర్తిగా పైకెత్తాక దాని అడుగుభాగం నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో చూసి, బండి కప్పు ఎత్తు కంటే కనీసం 3 అంగుళాలు ఎక్కువ ఉండేలా చూసుకోండి. గుంతలో పడ్డప్పుడు బండి తన స్ప్రింగుల మీద ఎగురుతుంది.

చేరాక చేసే పని, వరసగా

1. ట్రైలర్‌ను లాగుడు బండి (దాన్ని లాగే ట్రక్కు) నుంచి విడదీయకండి, ఇప్పుడే కాదు. వెనక ర్యాంప్ మీదికి 1,500 పౌండ్ల బండి వచ్చిన క్షణంలో బరువంతా ఇరుసు వెనక పడుతుంది. ముందు కొక్కెం విడిపోయి ఉంటే ట్రైలర్ ముక్కు గాల్లోకి లేస్తుంది. చక్రాలకు చెక్కలు పెట్టి, వెనక జాకీలు నేలకు ఆనించి, అప్పుడు ర్యాంప్ దించండి.

2. ర్యాంప్ కింద రాయీ గుంతా లేకుండా చూసి, బండి బయటికి తీయండి. పెట్రోలు డబ్బాలు కూడా బయటికే, పడుకునే చోటుకు దూరంగా. బండి లోపల ఉంచుకుని పై మంచం మీద పడుకుందామన్న ఆలోచన వద్దు. ఒక్క రాత్రికే కదా అనిపించినా వద్దు. టాంకు మూత బిగుతుగానే ఉన్నా లోపలి ఆవిరి ఏదో ఒక దారిన బయటికి వస్తుంది.

3. గాలి ఆడనివ్వండి. అందరూ తొందరపడేది ఇక్కడే. పైకప్పు ఫ్యాన్ వేసి పది నిమిషాల్లో అయిపోయిందనుకుంటారు. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు, నేలను పట్టుకుని ఉంటుంది. పైన ఫ్యాన్ తిరిగితే పైగాలే పోతుంది. ర్యాంప్ పూర్తిగా తెరిచి, ఎదురుగా పక్క తలుపు కూడా తెరిచి, గాలిని నేల మట్టం దాకా అటునుంచి ఇటు ఆడనివ్వండి. కనీసం అరగంట. ఎండలో వేడెక్కిన గ్యారేజీకి ఇంకా ఎక్కువే. చివరగా మోకాళ్ళ మీద కూర్చుని నేల దగ్గర వాసన చూడండి. నిలబడి చూసిన వాసన లెక్కలోకి రాదు, ఎందుకంటే సోఫా మీద పడుకున్న మనిషి ముక్కు నేలనుంచి రెండడుగుల ఎత్తులోనే ఉంటుంది.

4. నేల తుడవండి. పెట్రోలో ఆయిలో కారిన చోట పిల్లి ఇసుక (క్యాట్ లిట్టర్) చల్లి, పీల్చుకున్నాక ఎత్తేయండి. తుడిచిన గుడ్డలు మూత ఉన్న రేకు డబ్బాలో వేసి బయట పెట్టాలి. ఇసుక దిబ్బల నుంచి వచ్చినప్పుడు బందుల దగ్గర ఇసుకను బ్రష్‌తో దులపండి. ఓక్లహోమాలో వైనోకా దగ్గరి లిటిల్ సహారాకు డాలస్ నుంచి వెళ్ళేవాళ్ళకూ, కాలిఫోర్నియాలో గ్లేమిస్ వెళ్ళేవాళ్ళకూ ఇది చెప్పక్కర్లేదు. ఆ సన్నటి ఇసుక బందులో చేరితే ఒక సీజన్‌లోనే కిర్రుమనడం మొదలవుతుంది. నూనె వేస్తే ఇసుక ఇంకా అంటుకుంటుంది. పొడిగా ఉండే సిలికాన్ స్ప్రే వేయాలి.

5. బండిని బిగించి కట్టిన ర్యాచెట్ పట్టీలన్నీ తీసి పక్కన పెట్టండి. పట్టీ కొక్కెం ఒకటి సోఫా కాలు కింద పడి, కాలు పూర్తిగా నిలబడక, అర్ధరాత్రి సోఫా ఒక పక్కకు కూలడం అరుదేమీ కాదు.

6. ఇప్పుడు సోఫా. ఒక చేత్తో సీటు అంచును గోడకేసి నొక్కి పట్టుకోండి, అప్పుడు పిన్ను లాగండి. బరువు పిన్ను మీద ఉండగానే లాగితే పిన్ను రాదు. సుత్తితో కొడితే వంగుతుంది. వంగిన పిన్ను తర్వాత సరిగ్గా లోపలికి దిగదు. పిన్ను వచ్చాక రెండు చేతులతో నెమ్మదిగా దించండి, బందుల వైపు వేళ్ళు పెట్టకండి. పిల్లల్ని అప్పుడు గ్యారేజీలో ఉండనివ్వకండి.

7. కాళ్ళు తెరిచి, తాళం పడిన టక్కుమన్న చప్పుడు వినండి. తర్వాత ప్రతి కాలు అడుగూ చూడండి. నేలలో బండి కట్టడానికి అమర్చిన డి-రింగులు చిన్న పళ్ళెంలాంటి గుంతలో కూర్చుని ఉంటాయి. సోఫా కాలు ఆ గుంత అంచు మీద పడితే కూర్చున్నప్పుడు బాగానే ఉంటుంది, పడుకుని పక్కకు తిరిగినప్పుడు జారుతుంది. అలాంటి చోట పావు అంగుళం మందం రబ్బరు ముక్క ఒకటి కోసి గుంతను పూడ్చేయడమే మందు.

8. రెండు చేతులతో సీటు మధ్యలో గట్టిగా నొక్కి, ఊపి చూడండి. కదలకపోతే కూర్చోవచ్చు.

ఇవన్నీ అయ్యాక ట్రైలర్ విడదీసి, మట్టం సరిచూసుకోండి. కూర్చున్నప్పుడు తెలియని వాలు పడుకున్నప్పుడు తెలుస్తుంది.

లిఫ్టు రకమైతే

దించే ముందు కింద ఏమీ లేకుండా చూడటం సరే. ఎత్తేముందు పైన ఏముందో చూడటం మరిచిపోతారు. రెండు దిళ్ళు, మందపాటి బొంత పైమంచం మీద వదిలేసి కప్పుకేసి ఎత్తితే మోటారు మూలుగుతుంది, లేదా కప్పులోని లైటు పగులుతుంది. మంచం మీద దుప్పటి ఒక్కటే ఉంచండి. కదిలేటప్పుడు మంచం మీద మనిషి ఉండకూడదు, పిల్లలు సరదాకి ఎక్కినా సరే.

పైమంచాన్ని పైనే ఆపి కింది సోఫాలను మాత్రం దించాలంటే పట్టాలకు నాలుగు మూలలా ఆపుడు పిన్నులుంటాయి. నాలుగూ ఒకే ఎత్తు రంధ్రంలో ఉన్నాయో లేదో వేలితో తడిమి లెక్కపెట్టండి. మూడు పెట్టి ఒకటి మరిస్తే మంచం ఒక మూలకు వాలి పట్టాలో ఇరుక్కుంటుంది. ఇరుక్కున్నప్పుడు స్విచ్ మళ్ళీ మళ్ళీ నొక్కకండి. ఒక అంగుళం వెనక్కి పంపి, వాలిన మూలను ఒకరు పైకి ఎత్తి పట్టుకుని, పిన్ను సరిచేయండి.

లిఫ్టు అసలు కదలకపోతే ముందు బ్యాటరీ చూడండి. కాసేపు ఏ వాడకమూ లేకుండా ఉంచి కొలిస్తే 12 వోల్టుల లెడ్ బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు దాదాపు 12.6 చూపిస్తుంది, 12.1 అంటే సగం అయిపోయినట్టే. సగం బ్యాటరీతో లైట్లు వెలుగుతాయి, లిఫ్టు మాత్రం మొరాయిస్తుంది. తర్వాత ఫ్యూజు. రెండూ బాగుంటే చేత్తో తిప్పే ఏర్పాటు వాడాలి. అది ఎక్కడుందో, ఏ సైజు సాకెట్ కావాలో ఇంట్లో ఉండగానే మాన్యువల్‌లో చూసి, ఆ సాకెట్‌ను ట్రైలర్‌లోనే ఒక డబ్బాలో పడేసి ఉంచండి. ఎడారిలో చీకట్లో ఆ పేజీ వెతకడం కంటే ఇది తేలిక.

పడక వేయడం

రెండు సోఫాల మధ్య బల్ల పలక దించి పరిచాక మూడు ముక్కల పడక తయారవుతుంది. ఆ ముక్కల అతుకులే నడుముకు తగులుతాయి. పైన పరిచే పల్చటి పరుపు, అంటే 2 అంగుళాల మందం ఫోమ్ టాపర్, పరిస్తే చాలావరకు పోతుంది. 3 అంగుళాలది ఇంకా హాయిగా ఉంటుంది కానీ చుట్టితే పెద్ద మూట అవుతుంది. టాపర్‌ను సోఫా మీదే ఉంచి గోడకు మడిచే ప్రయత్నం చేయకండి. గొళ్ళెం సగమే పడుతుంది. సగం పడిన గొళ్ళెం మొదటి గుంతలోనే విడిపోతుంది.

దుప్పట్లు కొనేముందు కొలవండి. ట్రైలర్లలో కనిపించే షార్ట్ క్వీన్ 60 అంగుళాల వెడల్పు, 74-75 పొడవు. ఇంటి క్వీన్ 80 పొడవు, ఆ దుప్పటి కిందికి వేలాడుతుంది.

ఎవరు ఎక్కడ? ఆరేళ్ళలోపు పిల్లలను పైమంచం మీద పడుకోబెట్టకండి. వేసవిలో ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు ఉంటే కింది సోఫాలు వాళ్ళకి వదిలేయండి. నిచ్చెన ఎక్కమంటే మొహమాటానికి ఎక్కుతారు, రాత్రి రెండింటికి దిగాల్సి వచ్చినప్పుడు ఎవర్నీ లేపరు. ఎంత బరువుకు అనుమతి ఉందో మంచం ఫ్రేము మీద అంటించిన కాగితం చూసి అంతకు మించకండి. ఆ కాగితం చిరిగిపోకముందే ఫోనులో ఫోటో తీసుకోండి.

పడక పూర్తయ్యాక అందులో ఒకసారి పడుకుని, లేచి, ఎర్ర పిడి ఉన్న అత్యవసర కిటికీ దాకా చీకట్లో చేయి చాపి చూడండి. ర్యాంప్ తలుపు గొళ్ళేలు చాలా ట్రైలర్లలో బయటివైపే ఉంటాయి. గ్యారేజీలో పడుకున్నవాళ్ళకు నిప్పంటుకుంటే ఆ కిటికీయే దారి. దిళ్ళూ సంచులూ దాని ముందు పేర్చకండి. ఏడాదికి రెండుసార్లు ఆ కిటికీ నిజంగా తెరిచి చూడాలి. రబ్బరు అంచు అతుక్కుపోయి ఉంటే పిల్లల బలానికి అది రాదు.

కార్బన్ మోనాక్సైడ్ అలారం, ప్రొపేన్ అలారం రెండూ వెనక ముద్రించిన గడువు తేదీలోపలే ఉండాలి. నేల దగ్గర బిగించిన ప్రొపేన్ అలారం పెట్రోలు ఆవిరికి కూడా అరుస్తుంది. అది ఊరికే అరుస్తోందని వైరు పీకేసేవాళ్ళున్నారు. గ్యారేజీకి ఇంకా గాలి ఆడలేదని అది చెబుతోంది. లేచి తలుపు తీయండి. జనరేటర్ నడుస్తుంటే దాని పొగగొట్టం వైపు కిటికీలు మూసి ఉంచాలి. చలి వేస్తే ట్రైలర్‌లో బిగించిన హీటర్ వాడండి, చేత్తో మోసే ప్రొపేన్ హీటర్ ముట్టించి పడుకోవద్దు. ఎలక్ట్రిక్ సైకిల్ బ్యాటరీలను పడక పక్కన చార్జింగ్ పెట్టి నిద్రపోవద్దు.

ఉదయానికి పరుపు అడుగు తడిగా ఉండటం చూసి కప్పు కారుతోందనుకుంటారు. కాదు. నలుగురి ఊపిరిలోని తేమ చల్లటి పలకను తాకి నీరవుతుంది. పైకప్పు వెంటు ఒక అంగుళం తెరిచి ఉంచి పడుకోండి, పొద్దున్నే టాపర్ ఎత్తి నిలబెట్టండి.

తిరిగి మడిచి, బండి ఎక్కించడం

ముందు ట్రైలర్‌ను లాగుడు బండికి తగిలించండి, ఆ తర్వాతే ర్యాంప్. సోఫా మీద తడి లేకుండా చూసి పైకెత్తి, పిన్ను పెట్టి, సీటు అంచు పట్టుకుని మీవైపు గట్టిగా లాగండి. కదిలితే గొళ్ళెం పడలేదు. పిన్ను ఒక్కదాన్నే నమ్మకుండా రెండో రక్షణగా ఒక్కో సోఫాకు అంగుళం వెడల్పు క్యామ్ పట్టీ (లాగితే బకిల్‌లో బిగుసుకునేది) చుట్టి గోడ కొక్కేనికి బిగించండి. సాగే బంజీ తాడు దీనికి పనికిరాదు, బరువు పడితే సాగుతుంది.

బండి సైలెన్సర్ చల్లారాకే లోపలికి తేవాలి. ఆరు అంగుళాల దూరంలో ఫోమూ రెగ్జినూ ఉన్నాయి. ఎక్కించాక సోఫా ముఖాల మీద పాత దుప్పట్లు వేలాడదీయండి, లేదంటే అద్దం చివర తగిలి వంద మైళ్ళలో రెగ్జిన్‌కు చిల్లు పడుతుంది. బండిని నాలుగు పట్టీలతో, ముందువి ముందుకు, వెనకవి వెనక్కి లాగేలా డి-రింగులకు కట్టండి. పట్టీ సోఫా ఫ్రేము మీదుగా పోకూడదు, సోఫా బందుకు అసలే కట్టకూడదు. పట్టీ చీటీ మీద రెండు అంకెలుంటాయి, పెద్దది తెగే బరువు, అందులో మూడో వంతు వాడదగిన బరువు. లెక్కకు చిన్న అంకే తీసుకోండి.

ట్రైలర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం ముందు కొక్కెం మీద ఉండాలి. వెనక గ్యారేజీలో బరువు పెరిగే కొద్దీ అది తగ్గి, హైవే మీద ట్రైలర్ తోక ఊపుతుంది. బండి ఎక్కించాక ట్రక్ స్టాపులో కాటా వేయించుకోండి. నడుస్తున్న ట్రైలర్‌లో సోఫా మీద ఎవరినీ కూర్చోబెట్టకండి, అది కారు సీటు కాదు, బెల్టు ఉండదు.

ఊడేవీ చిరిగేవీ

ఎక్కువగా పాడయ్యేది బందు దగ్గరి స్క్రూ. గోడ పైపొర చాలా ట్రైలర్లలో పల్చటి ప్లైవుడ్డే, పట్టంతా లోపలి నిలువు దన్ను, అంటే స్టడ్‌లోనో ఇనప పట్టీలోనో ఉంటుంది. స్క్రూ ఊడిందని అదే రంధ్రంలో ఇంకాస్త లావు స్క్రూ తిప్పితే నెల నిలబడుతుంది, అంతే. పొడవైనది తిప్పితే బయటి ఫైబర్ గ్లాస్ పొడుచుకుని వస్తుంది, లోపలి కరెంటు తీగ కూడా తెగొచ్చు. సరైన పద్ధతి ఇది: స్టడ్ ఎక్కడుందో చూసి, రెండు స్టడ్‌ల మీదుగా పోయేలా ఎనిమిదో వంతు అంగుళం మందం ఇనప పట్టీ గోడకు బిగించి, బందును ఆ పట్టీకి బోల్టు వేయాలి. కొత్తగా సోఫా బిగించేవాళ్ళకూ ఇదే వర్తిస్తుంది.

రెగ్జిన్ పొలుసులుగా రాలుతోందంటే అది చాలాసార్లు పాలీయురిథేన్ పూతది, ఎండకూ తేమకూ పూత విడిపోతుంది. అతికించే మందులతో లాభం లేదు. కొత్త తొడుగు కుట్టించేటప్పుడు మందపాటి వినైల్ అడగండి, ఫోమ్ కూడా అప్పుడే మార్చండి.

పసుపు మరక గురించి మాత్రం మన ఇళ్ళలోనే అడుగుతారు. లేత బూడిద రంగు సోఫా మీద పులిహోర పడితే వెంటనే పొడిగుడ్డతో అద్ది తీయండి, రుద్దకండి. పసుపూ సున్నం కలిస్తే పారాణి అయినట్టు, సబ్బు తగిలిన పసుపు ఎర్రబడుతుంది. కంగారుపడి ఇంకా సబ్బు పోస్తారు. మంచినీళ్ళతో కడిగేయండి, మళ్ళీ పచ్చగా మారుతుంది. మిగిలిన పచ్చదనానికి ఎండే మందు. కుషన్ తీసి ర్యాంప్ మీద రెండు మధ్యాహ్నాలు ఎండబెడితే చాలావరకు వెలిసిపోతుంది.

చలికాలానికి ట్రైలర్ మూసేటప్పుడు సోఫాలను పైకి మడిచి ఉంచండి, కుషన్లు తీసి ఇంట్లో పెట్టుకోగలిగితే ఇంకా మంచిది. వాల్చిన సోఫా అడుగున చీకటి, మెత్తటి ఫోమ్, పైన కప్పు: ఎలుకకు ఇంతకంటే ఏం కావాలి.